నిరసన ఎవరితో మాట్లాడుతుంది?

తెలంగాణ రాష్ట్రం ఏర్పడి పదేళ్లు దాటింది. అయినా దాన్ని తెచ్చింది పాటా, పార్టీయా అన్న వాదం సద్దుమణగలేదు. ధూంధాం వేదికల మీద ఆడిపాడిన కళాకారులే తెచ్చారని ఒకరంటారు. ఊరూరా జేఏసీ శిబిరాలు వేసి సమ్మెలు నడిపిన ఉద్యోగులూ విద్యార్థులూ లేకపోతే పాట గాలికి పోయేదని ఇంకొకరంటారు. ఈ రెండూ కావు, ఢిల్లీలో వేసుకున్న ఓట్ల లెక్కే తేల్చిందని మూడో పక్షం కొట్టిపారేస్తుంది. అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి ప్రశ్నే ఇంకో రూపంలో మిగిలింది. 2013లో సమైక్యాంధ్ర కోసం 13 జిల్లాలూ రోడ్డెక్కాయి కదా, మరి ఎందుకు ఫలితం లేకపోయింది? 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం పుట్టిన నినాదం 2021లో ప్రైవేటీకరణ వార్త రాగానే అక్షరం మారకుండా మళ్లీ గోడలెక్కింది. ఒక మాట యాభై ఏళ్లు బతకడం, ఇంకో మాట మూడు నెలల్లో ఆవిరైపోవడం ఎందుకు జరుగుతుంది?

ఉద్యమాలు ఎలా మాట్లాడతాయన్నదాని మీద మన దగ్గరా బయటా చాలా చర్చ జరిగింది. అది చిక్కుపడింది కూడా. చిక్కుకు ప్రధాన కారణం, ఉద్యమం మాట్లాడేది ఒక్కరితోనే అన్నట్టు వాదించడం. నిజానికి ప్రతి ఉద్యమానికీ ముగ్గురు శ్రోతలుంటారు. ఒకరు కదిలించాల్సిన తనవాళ్లు. రెండోవారు దిగి రావాల్సిన ప్రభుత్వం. మూడోవారు ఆ కోరిక వల్ల నష్టపోతామనుకునే అవతలివాళ్లు. మొదటివారిని ఉర్రూతలూగించే మాట మూడోవారిని బెదరగొట్టవచ్చు. రెండోవారికి అర్థమయ్యే వినతిపత్రం మొదటివారికి చప్పగా తోచవచ్చు. ఎవరికి చెప్పిన మాటను ఎవరి చెవితో తూస్తున్నామో చూసుకోకపోతే ఈ చర్చ ఎప్పటికీ తెగదు.

సభ నుంచి శిబిరం దాకా

తెలుగు నేల మీద ఆధునిక నిరసన భాషకు మొదటి పెద్ద వేదిక ఉపన్యాసం. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. చిలకమర్తి లక్ష్మీనరసింహం దాన్ని తెలుగులోకి తెచ్చి, అక్కడికక్కడే ఆశువుగా పద్యం చెప్పారు. ఉపన్యాసం ఏమిటో ఎవరికీ గుర్తులేదు, పద్యం మాత్రం బడిపిల్లలకు కూడా వచ్చు. ప్రభుత్వానికి ఇంగ్లీషులోనూ జనానికి తెలుగు పద్యంలోనూ చెప్పడమన్న పని విభజన అప్పటిది.

1921లో చీరాల–పేరాల దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. మునిసిపాలిటీ వద్దన్నా పెట్టి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని ఊరు ఖాళీ చేయించి రామనగర్ అనే పాకల ఊరికి తరలించారు. సుమారు 11 నెలలు అక్కడే ఉన్నారు. ఆయన పాటలూ పద్యాలూ జానపద కళలూ అన్నీ వాడారు, రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకులను కూడగట్టారు. కానీ అసలు సందేశం ఖాళీ ఇళ్లే. పన్ను వసూలు చేసేవాడికి ఎదురుగా తాళం వేసిన తలుపులు తప్ప ఏమీ లేవు. అదే చీరాలకు 1985 జులైలో కారంచేడు దళితులు వచ్చి చేరారు. పెత్తందార్ల దాడిలో ఆరుగురిని పోగొట్టుకున్నవాళ్లు తిరిగి ఆ ఊరికి వెళ్లం అన్నారు. చీరాల శిబిరమే రాష్ట్రమంతటికీ వాళ్ల ప్రకటన అయింది. దాంట్లోంచే ఆ ఏడాది సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. అరవై నాలుగేళ్ల ఎడంతో ఒకే పట్టణం చుట్టూ జరిగిన ఈ రెండు ఘటనలను కలిపి చదివినవాళ్లు తక్కువ. ఊరు విడవడాన్ని భాషగా మార్చుకోవడం మన ఉద్యమాల పాత పద్ధతి అని ఇవి చెబుతాయి.

నిజాం రాష్ట్రంలో కథ వేరుగా మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం వచ్చింది, తరవాత ఆంధ్ర మహాసభ అయింది. అంటే అక్కడ నిరసన మొదటి డిమాండే మాట్లాడనివ్వండి అన్నది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ఆయన తెచ్చిన సంచిక కూడా ఒక నిరసనే. నినాదం లేదు, ఊరేగింపు లేదు, పేర్ల జాబితా ఉంది.

1940ల్లో ప్రజానాట్యమండలి రాకతో రూపం మొత్తం మారింది. బుర్రకథను దగ్గరగా చూస్తే ఎందుకో తెలుస్తుంది. మధ్యలో తంబుర పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. ఒక వంత హాస్యం చెప్పాలి, రెండో వంత రాజకీయం చెప్పాలి. కథ ఏ పల్నాటి వీరులదైనా, మధ్యలో ఆపి ఈనాటి సంగతి ఎత్తే హక్కు ఆ రెండో వంతకు రూపంలోనే ఉంది. షేక్ నాజర్ ఆ చోటును పూర్తిగా వాడుకున్నారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను అలాగే తిప్పుకున్నారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మాభూమి నాటకం నల్గొండ రైతు పోరాటాన్ని కోస్తా ఊళ్లకు చేరవేసింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఎత్తుకున్నారు, 1969 డిసెంబరులో ప్రాణం పోగొట్టుకున్నారు. 1972లో జననాట్యమండలి వచ్చాక గోచీ, గొంగడి, చేతికర్రతో గద్దర్ నిలబడ్డ తీరే ఒక ప్రకటనగా మారింది. క్యాసెట్టు వచ్చాక కళాకారుడు వెళ్లలేని ఊరికి కూడా గొంతు వెళ్లింది.

పాట గెలిపించిందన్న వాదం

మొదటి పక్షం బలం ఇక్కడుంది. వీళ్ల దృష్టిలో ఉద్యమం అంటే ముందు భావం మారడం. చదువు రాని జనం దగ్గర ఆ మార్పు పాట ద్వారానే జరుగుతుంది. జయధీర్ తిరుమలరావు లాంటివారు తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటలను సేకరించి చేసిన అధ్యయనాలు దీనికి ఆధారం ఇచ్చాయి. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఈ వాదానికి కొత్త ఊపిరి పోసింది. అంతవరకు వామపక్ష కళాబృందాలు సాధన చేసిన రూపాలూ గొంతులూ అడుగులూ ఒక ప్రాంతీయ డిమాండు కిందికి వచ్చి చేరాయి. సినిమాల్లో విలన్‌కో హాస్యగాడికో అంటగట్టిన యాస వేదిక ఎక్కి గర్వంగా నిలబడింది. ఈ ఒక్క పనిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. నాలుగు తరాలు దాచుకున్న మాటను నలుగురిలో అనగలగడం దానికదే ఒక విజయం.

అయితే ఈ వాదానికి ఎన్నికల లెక్కలు అడ్డొస్తాయి. పాట ఉచ్ఛస్థితిలో ఉన్న రోజుల్లోనే, 2009 ఏప్రిల్–మే ఎన్నికల్లో తెలంగాణ రాష్ట్ర సమితి 10 అసెంబ్లీ స్థానాలకు పడిపోయింది. 2010 జులై ఉపఎన్నికల్లో పోటీ చేసిన 11 స్థానాల్నీ గెలిచింది. ఆ మధ్య పదిహేను నెలల్లో పాట మారలేదు, పాడినవాళ్లు మారలేదు. మారిందల్లా 2009 నవంబరు 29న మొదలైన కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్ష, డిసెంబరు 9న కేంద్ర హోంమంత్రి చిదంబరం చేసిన తెలంగాణ ప్రకటన, డిసెంబరు 23న దాని మీద వెనక్కి తగ్గడం. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారన్న కోపం పాటకు ఓటు బలం తెచ్చింది. అందుకని పాట పనికిరాలేదని కాదు. పాట నేలను దున్ని ఉంచింది. విత్తనం పడే రోజును అది నిర్ణయించలేదు.

నిర్మాణం చాలునన్న వాదం

ఈ చిక్కును అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు మెకార్థీ, జాల్డ్ 1977లోనే మరోలా విప్పారు. అసంతృప్తి ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఉద్యమంగా మార్చేది వనరులూ సంఘాలూ డబ్బూ కార్యకర్తల సమయమే అన్నారు. వాళ్ల లెక్కలో మాట అన్నది నిర్మాణం చేతిలో పనిముట్టు. 2011 సకల జనుల సమ్మె ఈ పక్షానికి ఇష్టమైన ఉదాహరణ. సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచింది. బడులు మూతపడ్డాయి, ఆర్టీసీ బస్సులు ఆగాయి, సింగరేణిలో బొగ్గు తవ్వకం ఆగి రాష్ట్రమంతటా కరెంటు కోతలు పెరిగాయి. ఇదంతా ఉద్యోగ సంఘాలు, కుల సంఘాలు, న్యాయవాదుల సంఘాలు విడివిడి జేఏసీలుగా ఏర్పడి, కోదండరాం అధ్యక్షతన ఉన్న రాజకీయ జేఏసీకి ముడిపడటం వల్ల సాధ్యమైంది. ఒక పిలుపు హైదరాబాద్‌లో ఇస్తే మండల కేంద్రంలో టెంటు లేచేది. సమాచారం సంఘం గుండా వెళ్లింది. పాట ఆ దారిలో నడిచింది.

కానీ 2013 సమైక్యాంధ్ర సమ్మె ఈ వాదాన్ని ఇబ్బంది పెడుతుంది. ఏపీఎన్జీవోల నిర్మాణం ఏ విధంగానూ తక్కువది కాదు. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి రెండు నెలలకు పైగా సీమాంధ్రలో ప్రభుత్వ యంత్రాంగం స్తంభించింది. సెప్టెంబరు 7న హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలోనే భారీ సభ పెట్టగలిగారు. వనరులున్నాయి, జనం ఉన్నారు, క్రమశిక్షణ ఉంది. ఫలితం లేదు. కాబట్టి నిర్మాణం అవసరమే గాని, దాన్నిబట్టి గెలుపు ఓటములు చెప్పలేం.

చట్రం మార్చుకున్నవాళ్లు, మార్చుకోనివాళ్లు

ఇక్కడే ఫ్రేమింగ్ సిద్ధాంతం ముందుకొస్తుంది. డేవిడ్ స్నో, రాబర్ట్ బెన్‌ఫోర్డ్ 1980ల్లో చెప్పిన దాని సారం ఇది: ఉద్యమం మూడు పనులు చేయాలి. తప్పు ఎవరిదో చెప్పాలి, మందు ఏమిటో చెప్పాలి, ఇప్పుడే ఎందుకు కదలాలో చెప్పాలి. ఈ మూడూ ఒకే చట్రంలో ఇమిడితే మాట నిలుస్తుంది.

తెలంగాణ విషయంలో ఈ చూపు చాలా విప్పి చెబుతుంది. 1969లో డిమాండు మొదట ముల్కీ ఉద్యోగాల రక్షణ, 1956 పెద్దమనుషుల ఒప్పందం అమలు. అది ఒప్పందం తప్పారన్న వాదన. ప్రభుత్వంతో మాట్లాడే భాష. దానికి ప్రభుత్వం రక్షణలూ సూత్రాలూ ఇచ్చి సర్దగలిగింది. తెలంగాణ ప్రజా సమితి 1971లో 10 లోక్‌సభ స్థానాలు గెలిచి కూడా కొద్ది నెలల్లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2001 తరవాత ప్రొఫెసర్ జయశంకర్ లాంటివారు వాదనను నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలతో మొదలుపెట్టినా, క్రమంగా దాన్ని ఆత్మగౌరవం, స్వపాలన వైపు తిప్పారు. ఈ మార్పు ఎంత కీలకమో 2010 చివర శ్రీకృష్ణ కమిటీ నివేదిక వచ్చినప్పుడు తెలిసింది. కమిటీ ఆదాయాలూ అక్షరాస్యతా సాగునీటి విస్తీర్ణమూ పోల్చి, తెలంగాణ అనుకున్నంత వెనకబడి లేదని చూపించింది. ఆరు మార్గాలు చెప్పి, చట్టబద్ధ రక్షణలతో సమైక్యంగా ఉంచడానికే మొగ్గింది. నలభై ఏళ్ల ముందైతే ఈ అంకెలు ఉద్యమం నోరు కట్టేసేవి. ఈసారి మా ప్రశ్న వెనకబాటుతనం ఒక్కటే కాదు, మమ్మల్ని మేము ఏలుకోవడం అన్న జవాబు సిద్ధంగా ఉంది. గౌరవాన్ని గణాంకంతో కొట్టేయడం కుదరదు.

సమైక్యాంధ్ర దగ్గర అలాంటి చట్రం లేదు. కలిసుందాం అన్న మాట మంచిదే. కానీ ఆ మాటకు శ్రోత ఎవరు? తెలంగాణ వాళ్లయితే, వాళ్లకు చెప్పే సభలు వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో జరగాలి. హైదరాబాద్ సభ తప్ప జరిగినవన్నీ కోస్తా, రాయలసీమల్లో. పైగా సీమాంధ్ర భయాల్లో అసలైనవి హైదరాబాద్‌లో ఉద్యోగం, పిల్లల చదువు, కృష్ణా నీళ్లు. ఇవి చాలా న్యాయమైన భయాలు. వాటిని వాటి పేరుతో చెప్పి హామీలు అడిగి ఉంటే బేరానికి చోటుండేది. ఐక్యత అన్న పెద్ద మాట కింద అవి దాగిపోయాయి. విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్‌కు దక్కాల్సినవి స్పష్టంగా రాయించుకోలేకపోవడానికి ఈ భాషా లోపం ఒక కారణమని ఈ వ్యాసకర్త నమ్మకం. ఆ మూల్యం ఆ రాష్ట్రం ఇంకా చెల్లిస్తూనే ఉంది.

మాదిగ దండోరా ఇంకో రకంగా చట్రాన్ని తిప్పింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఈ ఉద్యమం రిజర్వేషన్ల వర్గీకరణ అనే సాంకేతిక విషయాన్ని అడిగింది. దాన్ని జనంలోకి తీసుకెళ్లింది మాత్రం రెండే పనులు. ఒకటి డప్పు. రెండు, తిట్టుగా వాడిన కులం పేరును సొంత పేరు పక్కన గర్వంగా చేర్చుకోవడం. మంద కృష్ణ మాదిగ మొదలుకొని ఊళ్లో కుర్రాడి దాకా అదే చేశారు. పేరు అడిగిన ప్రతిసారీ, హాజరు పలికిన ప్రతిసారీ, పెళ్లి శుభలేఖ అచ్చేసిన ప్రతిసారీ ఉద్యమం మాట్లాడింది. ఖర్చు లేదు, అనుమతి అక్కర్లేదు, నిషేధించడం ఎవరి తరమూ కాదు. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసినా ఈ భాష చావలేదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పేదాకా ముప్పై ఏళ్లు నిలిచింది. తెలుగు ఉద్యమాలు కనిపెట్టిన సమాచార పద్ధతుల్లో దీనంత పదునైనది మరొకటి కనిపించదు.

అడ్డుకోవడమా, వినిపించుకోవడమా

నాలుగో వాదం తెలుగు ప్రాంతాల అధ్యయనంలోంచే వచ్చింది. అమెరికా పరిశోధకురాలు లీసా మిచెల్ తెలుగు భాషోద్యమం మీద 2009లో ఒక పుస్తకం, 2023లో హైలింగ్ ది స్టేట్ అనే మరో పుస్తకం రాశారు. రెండోదాంట్లో ధర్నా, రాస్తారోకో, రైల్‌రోకో, సభలకు తరలివెళ్లడం వంటివాటిని ఆమె ఒకే ప్రశ్నతో చూస్తారు. పాశ్చాత్య సిద్ధాంతాలు వీటిని ప్రభుత్వానికి ఎదురు తిరగడంగానో, చట్టాన్ని ధిక్కరించడంగానో లెక్కిస్తాయి. ఆమె మాత్రం ఇవి ఎక్కువ భాగం ప్రభుత్వం చెవిన పడటానికి చేసే ప్రయత్నాలంటారు. అర్జీ ఇచ్చారు, జవాబు రాలేదు. ప్రతినిధి వెళ్లాడు, అపాయింట్‌మెంట్ దొరకలేదు. అప్పుడు రోడ్డు మీదికొస్తారు.

ఈ చూపు మన అనుభవానికి దగ్గరగా ఉంది. 2011 జూన్‌లో హైదరాబాద్ రోడ్ల మీద జరిగిన వంటావార్పునే చూడండి. రోడ్డు మధ్య రాళ్లు పెట్టి పొయ్యి రాజేశారు. గుండిగలో అన్నం ఉడుకుతోంది. చుట్టూ ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. ట్రాఫిక్ ఆగింది, అది రాస్తారోకోనే. కానీ లాఠీ ఎత్తాల్సిన కానిస్టేబులు ముందు ఉన్నది రాయి పట్టుకున్న యువకుడు కాదు, గంటె పట్టుకున్న అమ్మ. అటుగా వచ్చినవాళ్లకూ విస్తరి వేశారు. అడ్డుకోవడం, ఆతిథ్యం ఒకే చోట జరిగాయి. బలప్రయోగానికి చోటివ్వకుండా ఇబ్బందిని కలిగించడం ఎలాగో ఈ రూపం చూపించింది. హింస లేని ఉద్యమాలకు గెలిచే అవకాశం దాదాపు రెండింతలని ఎరికా చెనోవెత్, మారియా స్టెఫాన్ 1900–2006 మధ్య ఉద్యమాలను లెక్కించి చెప్పారు. ఆ లెక్కల వెనక ఇలాంటి స్థానిక తెలివి ఎంత ఉంటుందో అంకెల్లో కనిపించదు.

నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం ఈ నాలుగు వాదాల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఇమడదు, అందుకే దాన్ని విడిగా చూడాలి. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ సంగతి ఆడవాళ్లు ఏకమైతే అనే పేరుతో జిల్లా అక్షరాస్యతా కార్యక్రమపు వాచకంలో పాఠంగా ఎక్కింది. రాత్రి బడిలో అక్షరాలు కూడబలుక్కుంటున్న వేరే ఊరి ఆడవాళ్లు ఆ పాఠం చదివారు. చదివినదాన్ని మరునాడు తమ ఊళ్లో చేశారు. అక్కడ నాయకుడు లేడు, పార్టీ లేదు, మొదట్లో పాట కూడా లేదు. ప్రభుత్వమే అచ్చేసిన పుస్తకం కరపత్రమైంది. ప్రభుత్వ వారుణి వాహిని పథకంతో సారా ప్యాకెట్టు గడప దాకా వచ్చింది కాబట్టి, నిరసన కూడా గడప దగ్గరే మొదలైంది. తరవాత దినపత్రికలు పేజీలకు పేజీలు ఇచ్చాయి, సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా, 1995 జనవరి 16 నుంచి మద్యం మొత్తం నిషేధమయ్యాయి. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. ఉద్యమం ఎంత బాగా మాట్లాడిందో అంత గట్టిగా కాపలా కాయలేకపోయింది. వాచకం పంచిన చేతులు తరవాత సంఘంగా మారకపోవడం దీనికి కారణమన్న నిర్మాణవాదుల విమర్శలో పస ఉంది.

అవతలివాళ్లు విన్నదేమిటి

మన సమీక్షల్లో ఎక్కువగా దాటవేసేది మూడో శ్రోతను. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం 1966లో వరంగల్ విద్యార్థుల నోటా వినిపించింది. ఫ్యాక్టరీ కోసం అమృతరావు చేసిన నిరాహారదీక్షకు అన్ని ప్రాంతాలూ స్పందించాయి, కాల్పుల్లో పోయిన ప్రాణాలు ఒక్క విశాఖవి కావు. మూడేళ్లు తిరక్కుండానే ఆ నినాదంలోని ఆంధ్రులు ఎవరన్నదాని మీద రాష్ట్రం రెండుగా చీలింది. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల్లో రెండు వైపులా వచ్చిన మాటలు పక్కింటివాణ్ని పరాయివాణ్ని చేశాయి. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ విగ్రహాలు కూల్చినప్పుడు శ్రీశ్రీ విగ్రహం కూడా కూలింది. ఆ గుంపులో నడిచిన చాలామంది ఆయన కవిత్వం చదివే ఉద్యమాల్లోకి వచ్చారు. విగ్రహాలు నిలిపిన ఎంపికలో తెలంగాణకు అన్యాయం జరిగిందన్న ఫిర్యాదు నిజమే. అది చెప్పడానికి కొత్త విగ్రహాలు అడగడమనే దారి ఉంది, 354 మంది కవుల సంచిక వేసిన నేల అది. కూల్చడం తనవాళ్లకు కోపం తీర్చింది. అవతలివాళ్లకు మాత్రం మీరిక్కడ ఉండొద్దన్నట్టుగానే వినిపించింది. ఉద్యమ నాయకులు తరవాత హైదరాబాద్‌లోని సీమాంధ్రులకు ఎన్ని భరోసాలిచ్చినా ఆ ఒక్క రోజు దృశ్యాన్ని చెరపలేకపోయారు.

రాజధానికి భూములిచ్చిన అమరావతి రైతులకు ఈ ఇబ్బంది మరో విధంగా వచ్చింది. 2019 డిసెంబరు 17న మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక ఆకుపచ్చ కండువాలు, మందడం, తుళ్లూరు టెంట్లు నాలుగేళ్లకు పైగా నిలిచాయి. 2021 నవంబరులో న్యాయస్థానం నుంచి దేవస్థానం దాకా అంటూ తుళ్లూరు నుంచి తిరుపతికి నడిచారు. కోర్టును, గుడిని ఒకే వాక్యంలో పెట్టిన ఆ పాదయాత్ర పేరు గొప్ప ఊహ. దారిపొడవునా ఊళ్లవాళ్లు భక్తులకిచ్చే మర్యాద ఇచ్చారు. అయితే విశాఖ, కర్నూలు ప్రాంతాలవారికి మీ ఊరికి ఏం దక్కాలి అన్న ప్రశ్నకు ఆ ఉద్యమం ఎంత సంతృప్తికరంగా జవాబిచ్చింది? 2022లో అరసవల్లికి బయలుదేరినప్పుడు దారిలో ఎదురైన నిరసనలు ఆ ప్రశ్ననే అడిగాయి.

తేలని సంగతులు

మొదటిది, అన్నిటికన్నా బరువైనది, ప్రాణత్యాగం. 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష చేసి డిసెంబరు 15న మరణిస్తే నాలుగు రోజుల్లో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఆ తరవాత ప్రాణమిస్తే తప్ప ఢిల్లీకి వినబడదన్న పాఠం తెలుగు మనసులో స్థిరపడింది. 2009లో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్న నాటి నుంచి ఎందరో పిల్లలు ఆ దారిన పోయారు. వాళ్లను అమరులని పాటల్లో కీర్తించడం మరికొందరిని ఆ వైపు నెట్టిందా? ఉద్యమ నాయకులే చావొద్దని వేడుకున్నారు, అదే వేదిక మీద అమరుల పాట కూడా సాగింది. ఈ రెండింటికీ మధ్య సంబంధాన్ని తెలుగులో నిబ్బరంగా పరిశీలించినవాళ్లు అరుదు. పరిశీలించి తీరాలి. ఏ రాష్ట్రమూ, ఏ రాజధానీ ఒక ఇరవై ఏళ్ల పిల్లవాడి ప్రాణానికి సమానం కాదు.

రెండోది సెల్‌ఫోన్. గుంపు వేగంగా చేరుతుంది గాని, నిర్ణయం తీసుకునే సత్తా ఆ వేగంలో పెరగదని జెయ్‌నెప్ తుఫెక్చి 2017 పుస్తకంలో హెచ్చరించారు. మన దగ్గర దీర్ఘకాలం నిలిచినవి టెంటు వేసి కూర్చున్న ఉద్యమాలే. అయితే వీడియో వచ్చాక పాట ఊరి మధ్యలోంచి అరచేతిలోకి వచ్చింది. గుంపులో నిలబడి బృందగానానికి గొంతు కలిపినవాడికీ, ఒంటరిగా తెర మీద చూసినవాడికీ తేడా ఏమిటో ఇంకా తెలియాలి.

మూడోది, గెలిచాక ఏమవుతుందన్నది. ధర్నాలతో ఏర్పడిన రాష్ట్రంలోనే 2017లో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను మూసేశారు. 2018లో హైకోర్టు చెబితే గాని తెరుచుకోలేదు. ఉద్యమ కళాకారుల్లో కొందరు ప్రభుత్వ పదవుల్లోకి వెళ్లారు, కొందరు మళ్లీ నిరసనలోకి వచ్చారు. అధికారంలోకి వచ్చిన ఉద్యమం ఇతరుల ఉద్యమాన్ని వినగలదా అన్నది తెలంగాణ ఒక్కదాని ప్రశ్న కాదు.

ఈ మూడింటికీ జవాబులు వెతకాలంటే ముందు ఆధారాలు కావాలి. అవి చేజారిపోతున్నాయి. జననాట్యమండలి క్యాసెట్లు బూజుపడుతున్నాయి. 1969, 1972 నాటి కరపత్రాలను చెదలు తింటున్నాయి. సారా ఉద్యమ కాలపు జిల్లా ఎడిషన్ల పేజీలు పూర్తి వరసలో దొరకడం కష్టం. ధూంధాం వీడియోలు ఎవరి ఇంట్లోనో పాత సీడీల్లో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి కరపత్రం, క్యాసెట్టు, గోడ పోస్టరు, సమ్మె రోజుల నోటుపుస్తకం ఏది ఉన్నా, ఏ పక్షానిదైనా సరే, పారేయకండి. తేదీ, ఊరి పేరు రాసి, దగ్గర్లోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగించండి. ఒక పక్షం కాగితాలే మిగిలితే ఈ చర్చను ఆ పక్షమే రాస్తుంది.